తోలు వద్దంటున్న అత్తగారు, మునిగిపోతున్న ఫ్లైలు

ప్రొద్దుటూరు నుంచి ఒక పాఠకురాలు పేరు వేయొద్దంటూ పెద్ద ఉత్తరమే రాశారు. ఆమె ఇంట్లోనే మిషన్ కుడతారు. జాకెట్లు, ఫాల్స్, పీకో పని. బెంగళూరులో ఉద్యోగం చేసే మరిదికి గాలం సరదా. ఆయన స్నేహితులు కొందరు ఏటా హిమాచల్‌లోని తీర్థన్ నదికి ట్రౌట్ చేపల కోసం వెళ్తారు. "వదినా, దారం పని నీ చేతికి బాగా వచ్చు కదా" అంటూ నిరుడు ఆయన ముల్లును బిగించి పట్టే వైస్, దారం కండెను పట్టే బాబిన్ హోల్డరు, గాలపు ముళ్లు, కొన్ని డబ్బింగ్ (దారం మీద నలిపి ముల్లుకు చుట్టే బొచ్చు) ప్యాకెట్లు తెచ్చిచ్చి ఫ్లైలు, అంటే ముల్లు మీద బొచ్చు, ఈకలతో చేసే పురుగు బొమ్మలు, కట్టడం నేర్పారు. నీటిమీద తేలే డ్రై ఫ్లైలు, లోపలికి దిగే నింఫ్‌లు, ఈ రెండు రకాలూ కడుతున్నారు.

మొదట్లో బాగానే సాగింది. కష్టాలు ప్యాకెట్లు అయిపోయాక మొదలయ్యాయి. గ్రాము ప్యాకెట్టుకు ఇరవై ఫ్లైలు కూడా రావట్లేదట. విదేశాల నుంచి తెప్పిస్తే ఖర్చే కూలిని మింగేస్తోంది. పరుపు దూది పెట్టి కట్టిన డ్రై ఫ్లైలు నాలుగు విసుర్లకే మునిగాయని తిరిగొచ్చాయి. మేక వెంట్రుకలు దారం మీద నిలవక జారిపోయాయి. కట్టే దారం కూడా అయిపోయి మిషన్ దారమే వాడుతున్నారు. మటన్ కొట్టు నుంచి తెచ్చిన గొర్రె తోలు ముక్కకు పురుగు పడితే అత్తగారు బయట పారేయించి, ఇకమీదట ఇంట్లోకి తోలు రాకూడదన్నారు. సరిగ్గా ఇప్పుడే మరిది స్నేహితుడొకరు, ముద్దనూరు వైపు పల్లెల్లో అడవి కుందేలు తోళ్లు దొరుకుతాయి, అసలైన డబ్బింగ్ అదే, తెప్పిస్తానంటున్నారు. కాదంటే పని చూపించిన మరిది చిన్నబుచ్చుకుంటాడేమో, ఔనంటే అత్తగారితో పేచీ. మార్చి నాటికి రెండు వందల ఫ్లైలు ఇవ్వాలి. "ఏ బొచ్చు కొనాలో ఒక్కటి చెప్పండి చాలు" అని ముగించారు.

ఆ ఒక్కటి లేదండీ. నీటిమీద తేలాల్సినదానికీ, అడుక్కు దిగాల్సినదానికీ ఒకే బొచ్చు పనికిరాదు. పైగా మీరు రాసిందంతా కలిపి చూస్తే చిక్కు బొచ్చులో కన్నా దారంలో, మోతాదులో ఎక్కువ ఉంది. అది తర్వాత మాట్లాడదాం. ముందు కుందేలు సంగతి తేల్చేద్దాం, అందులో ఆలోచించడానికేమీ లేదు.

మన బీళ్లలో, చేలగట్ల మీద తిరిగే అడవి కుందేలుకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. దాన్ని వేటాడినా, తోలు అమ్మినా, కొన్నా నేరమే. "నేను చంపలేదు, కొన్నానంతే" అంటే చెల్లదు. ముంగిస, నీటికుక్క వెంట్రుకలకూ ఇదే మాట. మరిది స్నేహితుడు చెప్పిందాంట్లో సగం నిజం లేకపోలేదు. ఇంగ్లండులో కుందేలు చెవుల, మొహం బొచ్చుతో నింఫ్‌లు కట్టడం పాత పద్ధతే, అక్కడ ఆ తోళ్లు దుకాణాల్లో బహిరంగంగా అమ్ముతారు. ఇక్కడి చట్టం వేరు. అయినా ఆ బొచ్చుకున్న గుణం రెండే విషయాల్లో ఉంది. ఒక్కో వెంట్రుక మీద బూడిద, లేత గోధుమ, నలుపు రంగులు పట్టీల్లా ఉంటాయి. మెత్తటి లోబొచ్చు, బిరుసైన పైవెంట్రుకలు కలిసి ఉంటాయి. ఈ రెండూ ఇంట్లో పెంచే సోవియట్ చించిల్లా జాతి కుందేలులోనూ ఉన్నాయి. గ్రే జెయింట్ కూడా ఇంచుమించు అంతే. రెండూ మన దేశంలో మాంసం కోసం పెంచే జాతులే, చట్టం అడ్డురాదు.

కాబట్టి మరిదితో "మా అత్తగారు ఒప్పుకోరు" అనకండి. ఆ మాటతో ఇంట్లో లేనిపోని గొడవ మొదలవుతుంది. చట్టం సంగతి చెప్పి, "అదే రంగు ఇంటి కుందేలులో దొరుకుతుంది, నమూనా కట్టి పంపిస్తాను" అనండి. తోళ్లు తెస్తానన్నది ఆయన కాదు, ఆయన స్నేహితుడు. పోలీసు కేసు అయ్యే వస్తువు వదిన ఇంట్లో ఉండాలని ఏ మరిదీ కోరుకోడు.

ఇక లెక్క. 14వ సైజు ముల్లుకు (అంకె పెరిగేకొద్దీ ముల్లు చిన్నది) సరిగ్గా కడితే గ్రాము బొచ్చుకు యాభై ఫ్లైలకు తక్కువ రావు, చెయ్యి తిరిగినవాళ్లకు వంద కూడా వస్తాయి. మీకు ఇరవై కూడా రావట్లేదంటే ఒక్కోదానికి రెండు మూడింతలు పెడుతున్నారన్నమాట. లావు ఒళ్లు నీళ్లు ఎక్కువ పీలుస్తుంది, మెడ దగ్గర చుట్టిన కోడి ఈక ఆ బరువు మొయ్యలేదు. డ్రై ఫ్లైని తేల్చేది ప్రధానంగా ఆ ఈక, సన్న తీగ ముల్లు, పలచటి ఒళ్లు. బొచ్చు వంతు వీటి తర్వాతే. పరుపు దూది తప్పు కొంత ఉంది, కానీ అంత లావుగా కడితే ఎంత మంచి బొచ్చయినా మునిగేదే.

ఆ లావుకు మిషన్ దారం ఇంకొంచెం తోడైంది. మామూలు కుట్టు దారం దాదాపు 240 డెనియర్ (ఒకే పొడవు దారం ఎంత బరువో చెప్పే లెక్క) ఉంటుంది. ఈ సైజు ఫ్లైలకు వాడేది 70 డెనియర్. అంటే బొచ్చు పెట్టకముందే దారం బరువు మూడింతలు దాటింది. పైగా అది గట్టి పురి దారం, ముల్లు మీద బల్లపరుపుగా పరుచుకోదు. ఇక్కడ రెండు దారులున్నాయి. ఫ్లై దారం ఒక్కటి మాత్రం బయటి నుంచి తెప్పించుకోవచ్చు, ఒక్క కండె వందల ఫ్లైలకు వస్తుంది కాబట్టి ఖర్చు భారం కాదు. లేదా ధర్మవరం నేత ఇళ్లలో వాడే పట్టుపోగు చూడండి. మన పట్టుపోగు సాధారణంగా 20/22 డెనియర్. మూడు పోగులు కలిపి లేతగా పురిపెడితే 60, 65 డెనియర్ అవుతుంది. పట్టుకు మైనం బాగా పడుతుంది, బొచ్చు గట్టిగా అంటుకుంటుంది. పూర్వం ఫ్లైలు ఎక్కువగా పట్టుదారంతోనే కట్టేవాళ్లు. లోపం ఏమిటంటే ఇది నైలాన్ అంత లాగుడు తట్టుకోదు. ముడి బిగించేటప్పుడు మిషన్ దారాన్ని లాగినట్టు లాగితే టప్పున తెగుతుంది. తడిస్తే రంగు కూడా బాగా ముదురుతుంది, లేత పసుపు పట్టు తడిగా ఆలివ్ చాయకు వస్తుంది.

మైనం మీరే చేసుకోవచ్చు. పది గ్రాముల తేనెమైనంలో అర చెంచా ఆముదం వేసి, గిన్నెను వేడినీళ్లలో పెట్టి కరిగించండి. నేరుగా మంట మీద పెట్టొద్దు. ఎండాకాలంలో ఆముదం సగానికి తగ్గించకపోతే మన వేడికి మైనం జిగురైపోయి బొచ్చంతా వేళ్లకే అంటుకుంటుంది. దారం మీద మైనం ఒక్కసారి రాస్తే చాలు.

చుట్టే పద్ధతి మీకు కొత్తేమీ కాదు. దీపానికి వత్తి చేసే చేతికి ఇది వచ్చిన పనే, బొటనవేలు, చూపుడువేలు మధ్య ఒకే దిక్కుకు నలపాలి. చాలామంది ముందుకూ వెనక్కూ నలుపుతారు. ముందుకు పడిన పురి వెనక్కు వచ్చేసరికి విప్పుకుపోతుంది, తర్వాత దారం మీద బొచ్చు జారిందని బొచ్చును తిట్టుకుంటారు. చిటికెలో బొచ్చు తీసుకున్నాక అందులో సగం పక్కన పెట్టేయండి. మిగిలిన సగాన్ని దూదిపింజలా విడదీసి, దారం కనిపించీ కనిపించనంత పలచగా, మూడు నాలుగు సెంటీమీటర్ల మేర నలపండి. తోక వైపు చుట్టే కొస సన్నగా, బెజ్జం వైపు వచ్చేది కాస్త లావుగా ఉండాలి. ముల్లు బెజ్జం వెనక రెండు మిల్లీమీటర్లు ఖాళీ వదలండి, ఈకకూ ముడికీ ఆ చోటు కావాలి. పని చేసేటప్పుడు ఫ్యాను ఆపక తప్పదు. మే నెలలో ప్రొద్దుటూరులో ఫ్యాను ఆపమనడం ఎంత దారుణమో తెలుసు, అందుకే తెల్లవారుజామున కట్టుకోవడం మేలు.

ఇప్పుడు ఏ ఫ్లైకి ఏ పీచు అన్నది. డ్రై ఫ్లైకి పత్తి దూది వద్దు. శుభ్రం చేసిన పత్తి ఉన్నదే నీళ్లు పీల్చడానికి. దాని బదులు బూరుగు దూది తీసుకోండి. దాని పీచు లోపల బోలుగా ఉంటుంది, పైన సహజమైన మైనం పొర ఉంటుంది, అందుకే నీళ్లు పట్టదు. దిండ్లు కుట్టేవాళ్ల దగ్గర అడిగితే దొరుకుతుంది, కానీ బూరుగు పేరుతో పాలిస్టర్ అంటగట్టేవాళ్లూ ఉన్నారు. చిన్న పోగు కాల్చి చూడండి. కరిగి గట్టి పూస కడితే పాలిస్టర్. కాగితం కాలిన వాసన వేసి బూడిదైతే పత్తో బూరుగో. అప్పుడు గ్లాసు నీళ్లలో వేలితో నొక్కి వదిలితే బూరుగు మళ్లీ పైకి లేస్తుంది.

బూరుగు దూదిని సబ్బుతో ఉతకొద్దు, రంగు కోసం ఉడకబెట్టొద్దు. మైనం పొర పోతే దాన్ని వాడి లాభం లేదు. దీనికి ఇంకో చిక్కుంది. పీచు పొట్టి, నునుపు, వంకర లేదు, కాబట్టి ఒంటరిగా దారం మీద నిలవదు. కుందేలు లోబొచ్చు సన్నగా, ఉంగరాలుగా ఉండి దాన్ని పట్టి ఉంచుతుంది. కొలతకు చేతిలో చూసి సగం సగం కలపండి. తూకం వేస్తే బూరుగు మరీ తేలికగా ఉండి మోసం చేస్తుంది. విదేశాల్లో డ్రై ఫ్లైలకు బీవర్, మస్క్‌రాట్ లాంటి నీటి జంతువుల లోబొచ్చు ఎక్కువ వాడతారు, కుందేలు బొచ్చు తేలడంలో వాటికి తీసికట్టే. ఆ లోటు బూరుగు దూది చాలావరకు పూడుస్తుంది. అయినా నీళ్లలో వేసేముందు ఫ్లైకి పూసే తేలుడు మందు మీ కొనుగోలుదారులు వాడాలి, అది వాళ్ల పని.

నింఫ్‌కు చించిల్లా కుందేలు వీపు బొచ్చు సరైనది. వెంట్రుకల కొసలు పట్టుకుని లాగితే బిరుసు పైవెంట్రుకలు ఒక గుత్తిగా వస్తాయి, కింద నీలిబూడిద లోబొచ్చు మిగులుతుంది. ఏడు వంతుల లోబొచ్చుకు మూడు వంతుల పైవెంట్రుకలు కలపండి. పైవెంట్రుకలు సగం దాటితే దారం మీద నిలవదు, రెండు వంతులకు తగ్గితే ఫ్లై నున్నగా, ప్రాణం లేనట్టు ఉంటుంది. ఒళ్లు చుట్టాక సన్న రాగితీగను బొచ్చు చుట్టిన దిక్కుకు ఎదురు దిక్కులో అయిదారు చుట్లు తిప్పండి. ఒకే దిక్కున తిప్పితే తీగ బొచ్చులోకి దిగబడి మాయమవుతుంది, చేప పళ్లు తగిలినప్పుడు కాపాడదు. చివర్లో రొమ్ము దగ్గర బొచ్చును కొంచెం పీకి గరుకుగా చెయ్యాలి. దానికి వెల్‌క్రో గరుకు ముక్క ఒకటి ఐస్‌క్రీం పుల్లకు అంటించుకోండి, మీ దగ్గర వెల్‌క్రోకు కొదవ ఉండదు కదా.

మీరు పారేద్దామనుకుంటున్న మేక వెంట్రుకలూ పనికొస్తాయి, పద్ధతే మారాలి. వాటికి మెరుపుంది, బిరుసుంది, వంకర లేదు. అందుకే నలిపితే నిలవవు. దారంతో ఎనిమిది పది సెంటీమీటర్ల ఉచ్చు వేసి, ఒక పక్కకు మైనం రాసి, ఒకటిన్నర సెంటీమీటర్లకు కత్తిరించిన వెంట్రుకలను అడ్డంగా పరచండి. కింద కొక్కెంలా వంచిన జెమ్ క్లిప్పుకు చిన్న నట్టు కట్టి వేలాడదీసి గిర్రున తిప్పితే, రెండు పోగుల మధ్య వెంట్రుకలు చిక్కుకుని సీసాలు కడిగే బ్రష్‌లా తయారవుతుంది. దాన్ని చుట్టుకోవాలి. ఇది 8, 10 సైజు పెద్ద ముళ్లకు బాగుంటుంది. 14కు మాత్రం వద్దు, మోటుగా వస్తుంది.

అనంతపురం వైపు కురుబల గొంగళ్లకు వాడే నల్ల గొర్రె ఉన్ని కూడా ఇంతే, ముతక. దాన్ని సెంటీమీటరుకు కత్తిరించి కుందేలు లోబొచ్చులో మూడో వంతు కలిపితే నల్ల నింఫ్‌కు రంగు వేసే పని తప్పుతుంది. గొర్రెపిల్ల మొదటి కత్తిరింపు దొరికితే ఇంకా మంచిది. కానీ ఉన్నిలో సహజంగా జిడ్డు ఉంటుంది, అది పోకపోతే నింఫ్ వెంటనే మునగదు. గోరువెచ్చటి నీళ్లలో కొంచెం షాంపూ వేసి నానబెట్టి, పిండకుండా తీసి, అంతే వెచ్చదనం ఉన్న నీళ్లలో జాడించండి. మరిగే నీళ్లలో వేసి రుద్దితే గడ్డకట్టి కంబళి ముక్క తయారవుతుంది.

అత్తగారి సంగతికి వద్దాం. ఆవిడ అభ్యంతరం తోలు మీద, పురుగు మీద. అందులో తప్పేం లేదు, కొవ్వు గీకని తోలుకు వారంలో పురుగు రావడం మామూలే. మీ పనికి తోలు అక్కర్లేదు. రెండు వందల ఫ్లైలకు కావలసింది మొత్తం నాలుగైదు గ్రాముల బొచ్చు, ఒక పిడికిలి. కుందేళ్లు పెంచేవాళ్ల దగ్గరికి సంచి, దువ్వెన, కత్తెర తీసుకెళ్లి, బొచ్చు రాల్చుకునే కుందేలును దువ్వితే లోబొచ్చు వస్తుంది, వీపు మీద పైపైన కత్తిరిస్తే రంగు పట్టీల పైవెంట్రుకలు వస్తాయి. కుందేలుకు నొప్పి లేదు, ఇంట్లోకి చర్మం రాదు. ఉతికి ఆరబెట్టి జిప్ కవరులో వేస్తే వాసనా ఉండదు. తడి ఆరకుండా కవరులో వేస్తే మాత్రం బూజు పడుతుంది, మళ్లీ మాట పడాల్సి వస్తుంది.

అసలు జంతువు బొచ్చే వద్దన్నారనుకోండి, అప్పుడు బూరుగు, పట్టు, జనుము మిగులుతాయి. పట్టు రీలింగు వ్యర్థాన్ని సెంటీమీటరున్నరకు కత్తిరించి వాడితే తడిగా ఉన్నప్పుడు చక్కగా మెరుస్తుంది, కానీ నునుపు కాబట్టి మైనం ఎక్కువ కావాలి, పని నెమ్మదిస్తుంది. గోనెసంచి పీచు నింఫ్‌కు బాగుంటుంది. చాకలి సోడా వేసిన వేడినీళ్లలో ఉడికించి నూనె వాసన వదలగొట్టాలి. తడిగా డబ్బాలో పెడితే కుళ్లుతుంది, అది కొన్నవాళ్లకు చెప్పాలి. ఈ దారిలో నింఫ్‌లకు లోటు లేదు, డ్రై ఫ్లైలకు మాత్రం బూరుగును పట్టి ఉంచేది లేక ఇబ్బంది. అప్పుడు డ్రై ఫ్లైల వరకు ప్యాకెట్లే కొని, మోతాదు తగ్గించుకోవడమే లాభం. గ్రాముకు డెబ్బై వస్తే ఖర్చు ఇప్పటిలో మూడో వంతుకు దిగుతుంది.

కలపడానికి వంటింటి మిక్సీ జారు తీసుకోకండి, ఆ గొడవ నేను తీర్చలేను. మూత ఉన్న సీసాలో నీళ్లు పోసి, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేసి, సెంటీమీటరున్నరకు మించని పీచులు వేసి బాగా ఊపండి. పలచటి గుడ్డలో వడకట్టి, నొక్కి, నీడలో ఆరబెట్టండి. ఇలా నింఫ్ మిశ్రమం చేయొచ్చు. బూరుగు కలిసిన డ్రై ఫ్లై మిశ్రమానికి నీళ్లూ సబ్బూ వద్దు, దువ్వెనల మధ్య పొడిగా కలపండి. ఏ మిశ్రమమైనా ఆర్డరు మొత్తానికి ఒక్కసారే చేసుకోండి. రెండోసారి చేసింది అదే చాయలో రాదు.

రంగు కావాలంటే కుందేలు బొచ్చుకు, ఉన్నికి, పట్టుకు వంటల రంగు, వెనిగర్ చాలు. పది గ్రాముల పీచుకు అర లీటరు నీళ్లు, రెండు పెద్ద చెంచాల వెనిగర్. మరగనివ్వకుండా అరగంట సన్నని సెగ మీద ఉంచి, నీళ్లు వాటంతట అవే చల్లారేదాకా ఆగండి. బూరుగుకు ఈ పద్ధతి వద్దు. ట్రౌట్ వాళ్లు అడిగే ఆలివ్ బూడిదకు దానిమ్మ తొక్కల కషాయం ఇంకా బాగుంటుంది. పటిక వేసి ఉడికిస్తే పసుపు వస్తుంది, అందులో తుప్పు మేకులు నానిన నీళ్లు చెంచా కలిపితే ఆలివ్‌కు తిరుగుతుంది. ఇనుము ఎక్కువైతే బొచ్చు పెళుసై విరుగుతుంది. రంగు చూసేటప్పుడు తెల్ల పళ్లెంలో తడిపి చూడండి. చేప చూసేది తడి రంగే.

హిమాచల్‌లో ట్రౌట్ వేట మార్చిలో మొదలవుతుంది కాబట్టి సంక్రాంతికల్లా నమూనాలు మరిదికి చేరాలి. డ్రై ఫ్లైలు ఆరు, చించిల్లా నింఫ్‌లు ఆరు, ఉన్ని కలిపినవి ఆరు. పంపేముందు స్టీలు గిన్నెలో నీళ్లు పోసి పరీక్షించండి. డ్రై ఫ్లైని వేలితో ముంచి వదిలితే పైకి రావాలి, నింఫ్‌ను కొంచెం తడిపి వదలగానే కిందికి పోవాలి. వాళ్ల దగ్గర్నుంచి జవాబు వచ్చేదాకా మిగతావి మొదలుపెట్టొద్దు. బొచ్చుకు, దారానికి అయిన ఖర్చు కూలిలో కలపకుండా విడిగా రాసి, ఆ చీటీ కూడా నమూనాల పెట్టెలో పెట్టి పంపండి.